శిథిలసౌధమున గవర్నెసు: లెఫాన్యూ ‘అంకుల్ సైలస్’ నవలా పరిశీలనము

ఆంగ్ల నవలా చరిత్రమున ‘గాథిక్’ అను పేరుగల శాఖ యొకటి కలదు. శిథిలములైన కోటలు, మూతపడిన గదులు, వంశమును వెన్నంటి వచ్చు పాతకము, దానికి బలి కానున్న యొక కన్నె - ఇవి ఆ శాఖకు ముఖ్య సామగ్రి. 1764 డిసెంబరులో హొరేస్ వాల్‌పోల్ ప్రకటించిన ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ దీనికి ఆద్యము. మరుసటి యేట వెలువడిన ద్వితీయ ముద్రణమున దానికి ‘గాథిక్ కథ’ యను ఉపశీర్షిక చేరినది. 1794లో ఆన్ రాడ్‌క్లిఫ్ రచించిన ‘ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో’తో ఈ శాఖ జనాదరమునకు పాత్రమైనది. ఈ రెండింటను కోట యిటలీ దేశమందలిది, కాలము గతించినది, దుర్మార్గుడు ఆ కోటకు ప్రభువు. పందొమ్మిదవ శతాబ్ది నడిమి భాగమున ఆ కోట సముద్రము దాటివచ్చి ఇంగ్లండు పల్లెసీమలోని పెద్దదొరల భవనముగ మారినది. అప్పుడు ఆ భవనములోనికి జీతమునకు వచ్చిచేరిన యొక స్త్రీ కథలో పెద్దపీట వేసికొని కూర్చున్నది. ఆమెయే గవర్నెసు.

ఈ పదమునకు తెలుగున సరియైన మాట కుదురదు. ‘దాది’ యన్నచో పాలిచ్చి పెంచిన స్త్రీ యను నర్థము స్ఫురించును. ‘ఆయా’ యన్నచో పరిచారిక మాత్రమే యగును. ‘పంతులమ్మ’ బడికి పోయి పాఠము చెప్పి సాయంకాలమునకు తన యింటికి తాను మరలివచ్చును. గవర్నెసు ఈ మువ్వురిలో నెవ్వతెయు కాదు. ఆమె దొరలయింటనే యుండి, వారి పిల్లలకు ఫ్రెంచి భాషయు, సంగీతమును, చిత్రలేఖనమును, సభామర్యాదలును నేర్పును. చదువుకొన్నది గనుక పనివారు ఆమెను తమలో చేర్చుకొనరు. జీతము పుచ్చుకొనునది గనుక యజమానులు తమ సరసను కూర్చుండబెట్టుకొనరు. ఇంటి గుట్టంతయు ఆమె కంటబడుచునే యుండును. ఆ యింట ఆమెకు హక్కు మాత్రము లేదు. కావున మేము ‘గవర్నెసు’ అను మాటనే యుంచుచున్నాము.

ఈ పాత్రను ‘కుట్రలు పన్ను గవర్నెసు’ అని యొక్క మాటలో వర్ణించి యూరకుండుట వాడుక. కాని ఆ కుట్ర యెవ్వరిది, దాని ఫలము ఎవ్వరికి చెందవలసినది, తుదకు దండన యనుభవించినవారెవ్వరు అని విడివిడిగ నడిగినచో మూడు ప్రశ్నలకును సమాధానము ఒకటే కాదు. జోసెఫ్ షెరిడన్ లెఫాన్యూ 1864లో ప్రకటించిన ‘అంకుల్ సైలస్’ ఈ విచారణకు మిక్కిలి యనువైన గ్రంథము. ఇట్టి కథలలో దానిని మించిన భయంకరియైన గవర్నెసు మరియొకతె లేదని మా యభిప్రాయము. ఐనను ఆ నవలను శ్రద్ధతో చదివినచో, ఆమె కుట్రకర్త్రి కాదనియు, కుట్రకు పనిముట్టును తుదకు బలిపశువును అనియు తేలును.

లెఫాన్యూ 1814లో డబ్లిన్ నగరమున జన్మించి 1873లో అచ్చటనే మరణించెను. సుప్రసిద్ధ నాటకకర్త రిచర్డ్ బ్రిన్‌స్లీ షెరిడన్ సోదరి యీతని పితామహి. తండ్రివైపు పూర్వులు మతహింసకు తాళజాలక ఫ్రాన్సును విడిచివచ్చిన హ్యూగెనాట్లు. తన నవలలోకెల్ల భీకరమైన పాత్రను ఫ్రెంచి స్త్రీగ కల్పించిన రచయిత యింటిపేరే ఫ్రెంచి పేరగుట యొక విచిత్రము. 1861 మొదలు 1869 వరకు ‘డబ్లిన్ యూనివర్సిటీ మ్యాగజైన్’ ఆతని యాజమాన్యమున నడచెను. ప్రకృత నవల 1864లో ఆ పత్రికయందే ‘మాడ్ రూథిన్’ అను పేర ధారావాహికముగ వెలువడి, ఆ యేటి చివరనే లండనులో బెంట్లీ ప్రకాశకులచే మూడు సంపుటములుగ ప్రచురింపబడెను. వాల్‌పోల్ కోటకు సరిగా నూరేండ్లు నిండినవన్నమాట.

అయితే కథ 1864 నాటిది కాదు. 1838లో అదే పత్రికలో లెఫాన్యూ ఒక ఐరిష్ కౌంటెస్ రహస్యచరిత్రమునుండి యొక ఘట్టమని పేరుపెట్టి చిన్నకథ నొకదానిని ప్రకటించెను. దానినే కొలదిగ సవరించి 1851లో తన కథాసంపుటమున ‘ది మర్డర్డ్ కజిన్’ అను పేర చేర్చెను. మూడవమారు అది నవలయైనది. ఇరువదియారేండ్లపాటు ఒకే కథ ఒక రచయితను వదలలేదనిన దానిలో అతనికి తేలని ముడి యేదియో యుండియుండవలెను. మూడింటను కథాశరీర మొక్కటే. ధనవంతుని ఏకైకపుత్రిక, ఆమె తండ్రికి ఒక తమ్ముడు, అప్పులిచ్చినవానిని తన యింటనే చంపెనని లోకము ఆ తమ్ముని శంకించుచుండును. తమ్ముడు నిర్దోషియని లోకమునకు చాటదలచి, అన్న తన మరణానంతరము బిడ్డను ఆస్తితో సహా ఆతని సంరక్షణకే అప్పగించును. పినతండ్రి ఆ పిల్లను తన కొడుకునకు పెండ్లిచేసి ఆస్తిని రాబట్ట జూచును. అది సాగకపోగా ఆమెను చంప సంకల్పించును. చీకటిలో ఆమెకు బదులు మరియొకరు హతులగుదురు. లోపల గడియపెట్టిన గదిలో హత్య జరుగుట యను చిక్కు 1838 నాటి కథలోనే కలదు. ఎడ్గార్ ఆలన్ పో రచించిన ‘ది మర్డర్స్ ఇన్ ది రూ మార్గ్’ 1841 నాటిది గనుక ఈ విషయమున లెఫాన్యూయే ముందువాడు.

చీకటిలో హతులైన ఆ మరియొకరెవ్వరు? ఈ వ్యాసమునకు కీలకమైన సంగతి ఇదియే. మొదటి రెండు కథలయందును చనిపోవునది ఆ పినతండ్రి సొంత కూతురు, నిరపరాధ. నవలలో చనిపోవునది గవర్నెసు. ఈ మార్పునకు గల కారణమును విచారించుటకు ముందు ఆ కాలపు ఇంగ్లండులో గవర్నెసుల స్థితిని కొంచెము తెలిసికొనవలెను.

1851 జనాభా లెక్కలలో ఇంగ్లండున గవర్నెసులు 20,000కు పైగా నుండిరి. తండ్రి మరణము వలననో, వ్యాపారము దివాలా తీయుట వలననో నిరాధారలైన మధ్యతరగతి స్త్రీలకు గౌరవము చెడకుండ జీవించుటకు అప్పుడు ఉన్న దారులలో ఇది ముఖ్యమైనది. వారికై 1840 దాటిన తొలియేండ్లలో ఒక సహాయక సంఘము వెలసెను. ఆ సంఘ ప్రయత్నముననే 1848లో లండనున క్వీన్స్ కాలేజి స్థాపితమాయెను. అదే 1848 డిసెంబరు ‘క్వార్టర్లీ రివ్యూ’లో ఎలిజబెత్ రిగ్బీ ‘జేన్ ఐర్’, ‘వానిటీ ఫేర్’ అను రెండు నవలలను ఆ సంఘపు వార్షిక నివేదికను కలిపి యొకే వ్యాసమున సమీక్షించినది. నవలలోని గవర్నెసుకును, ఆకలిగొన్న గవర్నెసుకును నడుమ నాటి పాఠకులు గోడ కట్టలేదనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు. ఆ సమీక్షలో జేన్ ఐర్ పట్ల కనబడు కాఠిన్యము మిక్కిలి. జేన్ కుట్ర యేదియు పన్నలేదు. యజమాని అబద్ధమాడి పెండ్లికి సిద్ధపడగా నిజము తెలిసిన మరునాడే కట్టుబట్టలతో వెడలిపోయినది. ఐనను ఆమె నిరహంకార కాదని దోషారోపణము. బెకీ షార్ప్ నిజముగనే కుట్రలు పన్నినది; ఆమెను మాత్రము పాఠకులు నవ్వుచు సహించిరి.

కల్పనలోనే కాదు, లోకమునందును ఇట్టిదే జరిగెను. 1847 ఆగస్టులో పారిస్ నగరమున డ్యూక్ ద ప్రాలాఁ తన భార్యను క్రూరముగ చంపి, విచారణ జరుగకముందే విషము త్రాగి మరణించెను. ఆ యింట కొన్నియేండ్లు గవర్నెసుగ నుండి, ఆ వేసవిలోనే తొలగింపబడిన ఆన్రియెట్ దెలూజీ-దెపోర్త్ అను స్త్రీని ప్రేరకురాలని శంకించి నిర్బంధించిరి. సాక్ష్యము లేనందున కొంతకాలమునకు విడిచిపెట్టిరి. తరువాత ఆమె అమెరికాకు పోయి ఒక మతాచార్యుని వివాహమాడినది. కత్తి పట్టినవాడు డ్యూక్, చచ్చినది డచెస్, నిందపడినది గవర్నెసు. ‘జేన్ ఐర్’ వెలువడినది ఆ సంఘటనమునకు రెండు నెలల పిదప.

1861లో హెన్రీ వుడ్ గారి సతి ‘ఈస్ట్ లిన్’ నవలను రచించినది. అందు భర్తను విడిచిపోయిన యిల్లాలు ‘మేడమ్ వైన్’ అను మారుపేర, నల్లదుస్తులు రంగుటద్దములు ధరించి, తన పిల్లలకు తానే గవర్నెసుగ తన యింటికే తిరిగివచ్చును. మరుసటి యేట మేరీ ఎలిజబెత్ బ్రాడన్ రచించిన ‘లేడీ ఆడ్లీస్ సీక్రెట్’లో గవర్నెసుగ జీవించిన సుందరి వృద్ధుడైన దొరను పెండ్లాడును. పాఠకులలో గగుర్పాటు పుట్టించు నీ నవలలకు అప్పుడు ‘సెన్సేషన్ నవల’లని పేరు. లెఫాన్యూ ‘అంకుల్ సైలస్’ పీఠికలో తన గ్రంథమును ఆ జాతిలో చేర్చవలదని కోరి, సర్ వాల్టర్ స్కాట్ చారిత్రక నవలల సంప్రదాయమును తనకు ఆశ్రయముగ చెప్పుకొనెను. ఆ కోరికను నాటివారు పెద్దగ పాటింపలేదు.

ఇక నవలలోనికి పోదము. కథ చెప్పునది మాడ్ రూథిన్. ఆమెకు పదియేడేండ్లు. తల్లి లేదు. తండ్రి ఆస్టిన్, నోల్ అను భవనమున ఏకాంతవాసము చేయుచు స్వీడెన్‌బోర్గ్ మతగ్రంథములలో మునిగియుండును. ఒక వెన్నెలరాత్రి కిటికీ ఆవల బూడిదవన్నె బట్టలతో, మిక్కిలి పొడవైన యొక స్త్రీ వింతగ వంగి వంగి నమస్కరించుట మాడ్ కంటబడును. ఆమెయే కొత్తగవర్నెసు, మేడమ్ ద లా రూజియేర్. ఎముకలు పొడుచుకొనివచ్చిన దేహము, పెద్దనోరు, తడబడు ఇంగ్లీషు, రహస్యముగ సేవించు బ్రాందీ. పిల్లను షికారుకని శ్మశానమునకు తీసికొనిపోయి, తాను శవాగారమునకు యజమానురాలనని చెప్పి నవ్వును. ఒకనాటి రాత్రి ఆమె మారుతాళపుచెవులతో ఆస్టిన్ వ్రాతబల్లను తెరచి కాగితములను వెదకుచుండగా మాడ్ చూచి తండ్రికి తెలుపును. ఆమె ఉద్వాసన చేయబడును.

ఇచట పాఠకుడు నిలిచి యోచింపవలసియున్నది. ఆమె వెదకినది నగలకొరకు కాదు, వీలునామా సమాచారమునకు. ఆ సమాచారముతో ఆమెకు పని లేదు. దానితో పనిగలవాడు సైలస్. నోల్ లోనికి ఆమె వచ్చినది తన కుట్రతో కాదు, ఒకరి జీతముపై మరియొకరి పని చేయుటకు. బంధువైన లేడీ మోనికా నాలిస్ ఆమెను గుర్తుపట్టి హెచ్చరించినను ఆస్టిన్ చెవిని పెట్టలేదు. ఇంటిపెద్ద తన గంభీరమైన మౌనముచేత చేసిన అనర్థము గవర్నెసు దొంగతాళపుచెవి చేసినదానికన్న తక్కువది కాదు. ఆ వీలునామా సంగతియే చూడుడు: మాడ్ ఇరువదియొక్క యేండ్లు నిండువరకు సైలస్ సంరక్షణలో నుండవలెను, ఆ లోపల మరణించినచో ఆస్తి సైలస్‌కు చెందును. తమ్ముని కీర్తి నిలుపుటకై తండ్రి బిడ్డ ప్రాణమును పందెమొడ్డెను. ఈ వీలునామా వంటి మృత్యుపత్రము మేడమ్ చేతనైనది కాదు.

పినతండ్రి యను పదమును మేము బుద్ధిపూర్వకముగనే వాడుచున్నాము. ఆంగ్లమున ‘అంకుల్’ అను నొకే మాట పెదతండ్రికి, పినతండ్రికి, మేనమామకు చెల్లును. తెలుగున ఈ కథను చెప్పబూనినచో సైలస్ దాయాది యను విషయము మొదటి పుటలోనే తేటపడును. మరియొక విశేషము. సైలస్ తన కొడుకు డడ్లీకి మాడ్‌ను పెండ్లిచేయ ప్రయత్నించుట ఆంగ్ల పాఠకులకు దురాశగ మాత్రమే తోచును. ఆ దేశాచారమున అట్టి వివాహము నిషిద్ధము కాదు. తెలుగు పాఠకునకు పినతండ్రి కొడుకు అన్నయో తమ్ముడో యగును. డడ్లీ ప్రణయప్రసంగములు మనవారు చదువునపుడు కలుగు జుగుప్స రచయిత యుద్దేశించినదానికి రెట్టింపైయుండును. అతనికి అంతకుముందే రహస్యముగ పెండ్లియైనదని పిదప బయటపడుట అటుంచుడు.

బార్ట్రమ్-హా అను సైలస్ భవనము ఈ నవలకు ఆయువుపట్టు. డెర్బీషైర్ మండలమందలి ఆ మహాసౌధమున వాడుకలో నున్నవి కొలది గదులు. తక్కినవి మూతపడి, దుమ్ముపట్టి, దారితప్పించు నడవలతో నుండును. ఇట్టి వర్ణనములు రాడ్‌క్లిఫ్ నాటినుండి కలవు. లెఫాన్యూ చేర్చిన క్రొత్తదనము లెక్కల వంటిది. సైలస్ ఆ యుద్యానమందలి చెట్లను నరికించి కలప అమ్ముకొనుచుండును, బొగ్గులు కాల్పించుచుండును. భూమి అతనిది కాదు, అనుభవము మాత్రమే అతనిది. అందుచేత చెట్లు నరకుట న్యాయవిరుద్ధము. డాక్టర్ బ్రయర్లీ ఈ సంగతి కనిపెట్టి లేఖలు వ్రాయును. సౌధము శిథిలమగుటకు శాపము కారణము కాదు, దెయ్యము కారణము కాదు. జూదపుటప్పులు, నల్లమందు, కొల్లగొట్టబడిన యడవి - ఇవి కారణములు. నవల పొడవునను దెయ్యపు నీడలు కదలాడుచున్నను దెయ్య మొకటియు నిజముగ రాకుండుట గమనింపదగినది.

1947లో ఎలిజబెత్ బోవెన్ ఈ నవలకు వ్రాసిన పీఠికలో, ఇది ఇంగ్లండునకు తరలింపబడిన ఐరిష్ కథయని యభిప్రాయపడినది. బోవెన్ స్వయముగ ఐర్లండు భూస్వామి కుటుంబములో పుట్టిన రచయిత్రి. అట్టి పాతభవనమొకటి ఆమెకు వారసత్వముగ వచ్చినది. ఇంగ్లండు నేపథ్యమును బెంట్లీ ప్రకాశకులు కోరియుండిరనుట తెలిసినదే. చుట్టునున్న ప్రజలతో పొత్తు లేక, అప్పులలో మునిగి, గోడల నడుమ తమ గతవైభవమును తలచుకొను భూస్వాములు లెఫాన్యూ యెరిగిన ఐర్లండునందలి వారు. పేర్లు మారినవి గాని భవనము మారలేదు.

ఈ భవనములో మాడ్‌కు దొరకిన స్నేహము సైలస్ కూతురు మిల్లీ. చదువు సంధ్యలు లేని మొరటుపిల్ల యైనను నిర్మలమైన మనసు గలది. పాతకథలోని హతురాలైన సోదరికి ఈమెయే వారసురాలు. కథ చివరకు వచ్చుసరికి లెఫాన్యూ ఆమెను ఫ్రాన్సులోని పాఠశాలకు పంపివేయును. ఆ ఖాళీయైన స్థానమున, మూతపడిన యొక గదిలో, మాడ్ కంటబడునది మేడమ్ ద లా రూజియేర్. ఈ స్థానవినిమయమును రచయిత ఎంత నిశ్శబ్దముగ చేసెననగా, పాతకథ చదువనివారికి అది తోచనైన తోచదు.

పిదప జరిగిన ప్రయాణము ఈ నవలయందలి మేటి ఘట్టము. మిల్లీ వద్దకు ఫ్రాన్సునకు పంపుచున్నామని చెప్పి మాడ్‌ను మేడమ్ వెంట లండనునకు పంపుదురు. అచ్చట ఒక పగలు గడపి, డోవర్ రేవునకని రాత్రి రైలెక్కుదురు. నిద్రనుండి లేచిన పిల్ల, తానున్నది సముద్రతీరపు సత్రము కాదనియు, బయలుదేరిన బార్ట్రమ్-హా లోనే మరియొక మూల గదిలో నున్నాననియు గ్రహించును. లోకమునకు ఆమె ఫ్రాన్సులో నున్నది. లోకమునకు లేనిదానిని చంపుట సులభము. ఈ ప్రయాణమంతయు నడిపినది గవర్నెసు; ఇందులో ఆమె దోషము స్పష్టము, దానిని మేము తగ్గించి చెప్పబోము.

ఆ గదియే పూర్వము చార్క్ అను జూదరి గొంతు తెగి పడియుండిన గది. తలుపు లోపలనుండి గడియవేసి యుండెను, కిటికీకి ఇనుపఊచలుండెను, కావున ఆత్మహత్యయని నాడు తేల్చిరి. ఈ రాత్రి మాడ్‌కు ఉద్దేశించిన ద్రాక్షసారాయమున మత్తుమందు కలిపి యుంచిరి. పనివాని కూతురు మెగ్, ఏమియు ముట్టవలదని మాడ్‌ను ముందే హెచ్చరించియుండెను. మేడమ్‌కు అట్టి హెచ్చరిక చేసినవారెవ్వరును లేరు. ఆమె తన యలవాటుకొద్ది ఆ సారాయమును త్రాగి, మాడ్ మంచముపైననే ఒడలెరుగక నిద్రించినది. నడిరేయి కిటికీ చట్రము ఊచలతో సహా రహస్యపు బందుమీద తిరిగి తెరచుకొనును. డడ్లీ లోనికి దిగి, ఒకవైపు పొడవైన మొనగల సుత్తితో మంచముపైనున్న తలను మోదును. మూలను దాగి మాడ్ సర్వమును చూచును. చంపినవానికి తాను చంపినదెవ్వరినో తెలియదు.

ఈ ఘట్టమును చదివిన తెలుగు పాఠకునకు లాక్షాగృహము జ్ఞప్తికి రాకుండుట యరుదు. అచ్చటను దాయాదుల పోరే, ఆస్తికొరకే. అచ్చటను అతిథులకై కట్టిన యిల్లే వారికి చితి కావలసియుండెను. దుర్యోధనుని పనుపున ఆ యింటిని కట్టించిన పురోచనుడు అందే కాలిపోయెను. మరియు ఆ రాత్రి కుంతి పెట్టిన విందులో కుడిచి, మద్యము త్రాగి, మత్తుతో నిద్రించిన నిషాదస్త్రీయు ఆమె యైదుగురు కొడుకులును దగ్ధులైరి. తెల్లవారి ఆ శవములను చూచియే పాండవులు మరణించిరని లోకము నమ్మినది. పురోచనుని మరణమును మనము న్యాయమందుము. నిషాదస్త్రీ మరణమును గూర్చి మన కథకులు ఆగి యోచించినది తక్కువ. లెఫాన్యూకు భారతకథ తెలిసి యీ సన్నివేశమును కల్పించెనని మేము చెప్పుట లేదు. సామ్యము చూపుటయే మా యుద్దేశము. ప్రభువు చేతి పనిముట్టుగ నుండి తానే కట్టిన యుచ్చులో చిక్కిన పురోచనుడును, త్రాగి నిద్రించి పరులకు బదులుగ చనిపోయిన నిషాదియు - ఈ యిద్దరును మేడమ్‌లో నొక్కటియైరి. మొదటి యంశమును మాత్రమే చూచి ఆమెకు తగిన శాస్తి జరిగినదని పుస్తకమును మూసివేయువారు రెండవ యంశమును చూడకున్నారు.

ఆ సారాయములో మందు కలిసినదని ఆమెకు తెలియకపోవుటను ఇంకను విచారింపవలెను. కుట్రలో ఆమెకు చెప్పిన భాగముకన్న చెప్పని భాగమే పెద్దది. సైలస్ ఆమెను ఇంటిలోని వస్తువువలె వాడుకొనెను. ఆమె మంచముపై నుండగలదని ఊహించుట కూడ అతనికి అవసరమనిపించలేదు. మంథర కథతో దీనిని పోల్చి చూచినచో భేదము తెలియును. మంథర కైకతో పుట్టినింటినుండి వచ్చిన దాసి. తన యేలికసాని బాగే తన బాగని నమ్మి, ఆలోచన తానే చెప్పినది. దుర్బుద్ధియో సద్బుద్ధియో, ఆ బుద్ధి ఆమెది. మేడమ్‌కు సైలస్ మీద భక్తి లేదు, మాడ్ మీద పగ లేదు. ఆమెకు కావలసినవి డబ్బు, బ్రాందీ, తలదాచుకొను తావు. వయసు మీరిన పరదేశపు గవర్నెసునకు ఆ మూడింటిలో నొకటియైన సులభముగ దొరకు కాలము కాదది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలుదము. నిరపరాధయైన కూతురు చనిపోవు కథను గవర్నెసు చనిపోవు కథగ రచయిత ఏల మార్చెను? మూడు సంపుటముల నవల సుఖాంతము కావలెనని ప్రకాశకుల యాశ యుండియుండవచ్చును. మిల్లీని చంపినచో పాఠకులు క్షమింపరు. ఇది సామాన్యమైన సమాధానము, కొంత సత్యమును. మా దృష్టిలో దానికన్న బలమైన కారణమొకటి కలదు. తండ్రి తన కూతురిని పొరపాటున చంపించుకొనుట దైవదండనము. అది దుర్మార్గునకే తగులును. దానితో కథ మూతపడును. జీతగత్తె చచ్చినచో దుర్మార్గునకు పోయినదేమియు లేదు. ఆ యింటి పద్ధతి యెట్టిదో అప్పుడు తెలియును: ఎవ్వరును అడుగనివారి ప్రాణముతో అచ్చట వ్యవహారము నడచును. సైలస్ తరువాత నల్లమందు మితిమీరి త్రాగి మరణించుట కుట్ర విఫలమైనందుననే గాని, మేడమ్ చచ్చినందుకు కాదు.

గ్రంథనామములు కూడ ఈ సంగతినే పట్టి యిచ్చుచున్నవి. 1851లో చనిపోయినది దొరబిడ్డ గనుక కథకు ఆమె పేరనే ‘ది మర్డర్డ్ కజిన్’ అని నామకరణము జరిగినది. 1864లో చనిపోయినది గవర్నెసు గనుక శీర్షిక మొదట బ్రతికిన వారసురాలికిని, పిదప చంపదలచిన పినతండ్రికిని చెందినది. మేడమ్‌కు పుస్తకమున అనేక ప్రకరణములు గలవు. అట్టమీద చోటు లేదు.

దీనికి ఆక్షేపణ లేకపోలేదు. మేడమ్‌ను ఆదినుండి రాక్షసివలె చిత్రించినవాడు లెఫాన్యూయే కదా, ఆమె యందు జాలి చూపుట పాఠకుని స్వకపోలకల్పనము కాదా యని యడుగవచ్చును. దీనికి సమాధానము కథనమునందే కలదు. నవల నంతయు చెప్పునది మాడ్, అదియు చాలయేండ్ల తరువాత, లేడీ ఇల్‌బరీయై సుఖముగ నున్నపుడు. మేడమ్ వికారరూపమంతయు భయపడిన యొక ధనికబాలిక కంటికి కనబడిన రూపము. ఆ బాలికయే తండ్రి వీలునామాను త్యాగమని పొగడును, సైలస్ వెండివెండ్రుకలను నల్లముఖమలు దుస్తులను చూచి తొలుత భక్తిపూర్వకమైన విస్మయము చెందును. దొరల విషయమున ఆమె చూపు ఎంత తడబడినదో, గవర్నెసు విషయమున అంత నిశ్చయముగ నున్నది. నిజమైన ప్రమాదము తెల్లని జుట్టుతో, వేదాంతవాక్యములతో వచ్చుచుండగా పిల్ల చూపు ఫ్రెంచి యాసమీదనే నిలిచియుండుట ఈ నవల నడకలోని ప్రధాన వ్యంగ్యమని మేము భావింతుము. అంతకన్న రచయిత నోట చెప్పింపగోరుట యుచితము కాదు.

తన కుట్రకు తానే యజమానురాలైన గవర్నెసును చూడగోరువారు మరి రెండేండ్లు ముందునకు పోయి, అట్లాంటిక్ దాటవలెను. 1866లో బోస్టన్ పత్రిక ‘ది ఫ్లాగ్ ఆఫ్ అవర్ యూనియన్’లో ఎ. ఎం. బర్నార్డ్ అను పేర ‘బిహైండ్ ఎ మాస్క్’ అను పెద్దకథ వెలువడెను. ఇంగ్లండులోని కవెంట్రీ దొరల యింటికి జీన్ మ్యూర్ అను వినయవతి గవర్నెసుగ వచ్చును. మొదటి రాత్రి తన గది తలుపు మూసికొని, ఆమె కట్టుడుపండ్లను, సవరమును తీసివేయును. పందొమ్మిదేండ్ల పడుచు ముప్పదియేండ్ల ప్రౌఢయగును. తరువాత ఆ యింటి అన్నదమ్ముల నిరువురను చిక్కులబెట్టి, తుదకు వారి పినతండ్రియైన వృద్ధ జమీందారును పెండ్లాడి, అందరు చూచుచుండగా తన లేఖలను నిప్పులో వేయును. ఆమెకు దండన లేదు. గవర్నెసు కుట్ర గవర్నెసు కొరకే పన్నబడుట, ఫలము ఆమెకే దక్కుట ఇచ్చట కానవచ్చును. ఆ మారుపేరు వెనుకనున్నది ‘లిటిల్ విమెన్’ రచయిత్రి లూయిజా మే ఆల్కాట్. కుటుంబపోషణకై దాసీవృత్తియు, పిల్లలకు చదువుచెప్పు వృత్తియు చేసినది. ఆ మారుపేరు ఆమెదేయని లియోనా రోస్టెన్‌బర్గ్ 1943లో నిరూపించినది. 1975లో మడలీన్ స్టెర్న్ ఆ కథను తిరిగి ప్రచురించినది. మేడమ్ ద లా రూజియేర్‌ను మొదట చదివి, వెంటనే జీన్ మ్యూర్‌ను చదివినచో, ఒకరు భవనములోని వారి కంటితోను, రెండవవారు జీతమునకు వచ్చినదాని కంటితోను ఒకే నడవలో నడచినట్లు విద్యార్థులకు తోచును.